మీ మీద ఆఫీసు పెట్టిన ఫైలును అడిగి తెప్పించుకోవడం, తప్పుంటే దిద్దించుకోవడం

నా ఫైలు కావాలని ఆఫీసును అడిగితే పోస్టులో వచ్చిన కవరులో 23 పేజీలున్నాయి. వాటిలో 9 పేజీలు, చదవడానికి వీల్లేకుండా, పైనుంచి కిందిదాకా నలుపే. పదకొండో పేజీలో మాత్రం ఒక్క వరుస నలుపు పడకుండా మిగిలింది. నా పేరు, ఒక తేదీ, దాని పక్కన ‘విదేశీ ప్రయాణం, ముందుగా తెలియజేయలేదు’ అని ఉంది. ఆ రోజు నేను విమానం ఎక్కిన మాట నిజం. తెలియజేయలేదన్న మాట నిజం కాదు. నన్ను పిలిచి అడిగిన రోజు నుంచి లెక్కపెడితే, ఆ ఒక్క వరుస దిద్దించడానికి ఏడాది మీద మూడు నెలలు పట్టింది.

నేను వాషింగ్టన్‌లో ఒక ఫెడరల్ ఆఫీసులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. కాపురం వర్జీనియాలోని షాంటిలీలో, పుట్టిల్లు కాకినాడ. మా చుట్టుపక్కల ప్రభుత్వ ఉద్యోగాల్లోనో, ప్రభుత్వ కాంట్రాక్టుల్లోనో ఉన్న తెలుగువాళ్ళు బోలెడుమంది. ఎక్కడ క్లియరెన్సు, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, పోతుందోనన్న టెన్షన్‌తో చాలామంది తమ ఫైలు గురించి నోరెత్తరు. నేనూ నాలుగు నెలలు అలాగే కూర్చున్నాను. అడగడం చట్టం ఇచ్చిన హక్కు అని తెలిశాక కూడా ధైర్యం చాలడానికి కొంత కాలం పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2023 సంక్రాంతి ముందు, ఇక్కడ రాత్రి పన్నెండు దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. నువ్వు బయల్దేరి వచ్చెయ్” అన్నాడు. 1:14కి మా సూపర్‌వైజరుకు ఫోన్ చేసి నిద్ర లేపాను. ఏ దేశం, ఏ ఊరు, ఎన్నాళ్ళు, ఎవరింట్లో ఉంటాను, అన్నీ చెప్పాను. ముందు వెళ్ళు, ఫారం తిరిగొచ్చాక నింపొచ్చు అన్నారాయన. ఆ తర్వాత ఆఫీసు ల్యాప్‌టాప్ తెరిచి రెండు నుంచి మూడున్నర దాకా కూర్చున్నాను. నేను చూసే బ్యాకప్ స్క్రిప్టులు, రాత్రి జాబుల షెడ్యూళ్ళు, వాటి నోట్సు, మొత్తం 41 ఫైళ్ళు మా టీం షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. ల్యాప్‌టాప్ ఇంట్లోనే పెట్టేసి దోహా మీదుగా హైదరాబాదు, అక్కణ్ణుంచి రాజమండ్రి, ఆపైన కారులో కాకినాడ. నాన్నగారికి స్టెంట్ వేశారు. 12 రోజులకు తిరిగొచ్చి, డ్యూటీలో చేరిన మూడో రోజున ఫారం నింపాను.

క్లియరెన్సు ఉన్నవాళ్ళ సొంత ప్రయాణాలకు ఒక ఆదేశం ఉంది. సెక్యూరిటీ ఎగ్జిక్యూటివ్ ఏజెంట్ డైరెక్టివ్ 3 అంటారు, ఆఫీసులో అందరూ వాడే మాట సీడ్ 3. 2017 జూన్ 12 నుంచి అమల్లో ఉంది. విదేశం వెళ్ళేముందు తెలియజేయాలి. అత్యవసరమైతే బయల్దేరేలోపు పై అధికారికి నోటిమాటగానైనా చెప్పి, తిరిగొచ్చిన 5 పనిదినాల్లోపు పూర్తి వివరాలు ఇవ్వాలి. నేను చేసింది సరిగ్గా అదే. కానీ ఫిబ్రవరిలో ఆ సూపర్‌వైజరు వేరే విభాగానికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఫోన్ సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు.

ఏప్రిల్‌లో చిన్న కాన్ఫరెన్సు రూములోకి పిలిచారు. ఇద్దరున్నారు. ఒకరి ముందు ఒకే ఒక కాగితం ఉంది, దాన్ని నావైపు తిప్పలేదు. చెప్పకుండా విదేశం వెళ్ళే ముందు, రాత్రి రెండింటికి అన్ని ఫైళ్ళు ఎందుకు కాపీ చేశారని అడిగారు. అప్పుడు నాకు విషయం అర్థమైంది. విడివిడిగా చూస్తే రెండూ మామూలు పనులే. పక్కపక్కన పెడితే మాత్రం డేటా మూటగట్టుకుని దేశం దాటుతున్న మనిషిలా కనిపిస్తాను. ఒక ముఖ్యమైన సిస్టంకి నా యాక్సెస్ ఆపేశారు. సెప్టెంబరులో విచారణ ముగించాక గానీ తిరిగి ఇవ్వలేదు.

అసలు ఎందుకు చూస్తారు

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అమెరికా ప్రభుత్వానికి ఆ భయం గట్టిగా పట్టుకుంది 2010లో, లక్షల రహస్య పత్రాలు వికీలీక్స్‌కి చేరినప్పుడు. 2011 అక్టోబరు 7న అధ్యక్షుడు ఒబామా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 13587 మీద సంతకం పెట్టారు. 2012 నవంబరులో దానికి కనీస ప్రమాణాలు వచ్చాయి. రహస్య సమాచారం ఉన్న ప్రతి సంస్థలో ఇన్‌సైడర్ థ్రెట్ ప్రోగ్రాం, అంటే లోపలి మనుషుల వల్ల వచ్చే ముప్పును కనిపెట్టే ఏర్పాటు, ఉండాలి, రహస్య నెట్‌వర్కుల్లో ఉద్యోగి చేసే పనులను గమనించాలి, హెచ్ఆర్, సెక్యూరిటీ, ఐటీ విభాగాల దగ్గర విడివిడిగా ఉన్న సమాచారం ఒకచోట చేర్చి చూడాలి. ఆ చేర్చి చూడటమే నా విషయంలో జరిగింది.

ఇదంతా అనవసరమని నేను అనను. 2013 సెప్టెంబరు 16న వాషింగ్టన్ నేవీ యార్డులో 12 మందిని చంపినవాడు ఒక కాంట్రాక్టరు. వాడి దగ్గర సీక్రెట్ క్లియరెన్సు ఉంది, చెల్లుబాటయ్యే పాసు ఉంది. ముందే కొన్ని చోట్ల కొన్ని సూచనలు కనిపించినా, వాటిని కలిపి చూసినవాళ్ళు లేకపోయారు. అందుకని కలిపి చూడాలనే అంటాను. కాకపోతే, కలిపే ముక్కల్లో ఒకటి తప్పైతే మొత్తం బొమ్మే తప్పుగా వస్తుంది. నా బాధంతా దాని గురించే.

రోజూ పొద్దున కంప్యూటర్ తెరవగానే ఒక హెచ్చరిక వస్తుంది, ఓకే నొక్కితే గానీ లోపలికి వెళ్ళనివ్వదు. రక్షణ శాఖ హెచ్చరికలో అయితే, ఈ సిస్టంలో మీ సంభాషణలు ప్రైవేటు కావని, వాటిని గమనిస్తామని సూటిగా ఉంటుంది. ఒకసారి ఆగి చివరిదాకా చదవండి. లాయరుతో, మానసిక వైద్యుడితో, మతగురువుతో జరిగే గోప్యమైన సంభాషణల్లోని విషయాన్ని విచారణ కోసం వెతకడానికి ఇది సమ్మతి కాదని కూడా అందులోనే ఉంది. మిగతా ఆఫీసుల్లో మాటలు కొంచెం మారతాయి. ఆ ఓకే నొక్కినప్పుడు మనం గమనించడానికి ఒప్పుకుంటున్నాం. గమనించాక ఏం రాసుకున్నారు, ఎవరికిచ్చారు, రాసింది నిజమేనా అన్నవాటికి వేరే చట్టం ఉంది. అది 1974 నాటి ప్రైవసీ యాక్ట్.

మీకు వర్తిస్తుందా

ప్రైవసీ యాక్ట్ హక్కులు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు మాత్రమే. హెచ్1బి మీద ఫెడరల్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ చట్టం కింద అడిగే హక్కు లేదు. 2016లో వచ్చిన జ్యుడీషియల్ రిడ్రెస్ యాక్ట్ కొన్ని దేశాల పౌరులకు ఇందులో కొంత భాగం ఇచ్చింది గానీ ఆ జాబితాలో ఇండియా లేదు. అలాంటివాళ్ళు ఫోయా కింద, అంటే ఫ్రీడం ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద అడగొచ్చు. అది ఏ దేశస్థుడైనా వాడుకోవచ్చు. మన సమాచార హక్కు చట్టం లాంటిదే అనుకోండి. దానితో కాగితాలు వస్తాయి, దిద్దించుకునే హక్కు మాత్రం రాదు.

కాంట్రాక్టర్లకు ఇంకో మెలిక ఉంది. క్లియరెన్సు ఉన్న కంపెనీలు 2016 నవంబరు 30 కల్లా సొంత ఇన్‌సైడర్ థ్రెట్ ప్రోగ్రాం పెట్టుకోవాల్సి వచ్చింది. కంపెనీ తన కోసం తాను పెట్టుకున్న ఫైలుకు ప్రైవసీ యాక్ట్ వర్తించదు. కంపెనీ నుంచి ప్రభుత్వానికి చేరిన రిపోర్టుకు వర్తిస్తుంది. అందుకని ఉత్తరం కంపెనీకి కాకుండా ప్రభుత్వ సంస్థకు రాయాలి.

ఇంకొక్క మాట. మీకు ఇప్పటికే క్లియరెన్సు రద్దు చేయబోతున్నామని కారణాలు చూపిస్తూ కాగితం వచ్చి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు ఆ పని తెలిసిన లాయరును కలవండి. దాని గడువులు వేరు, అవి చాలా తక్కువ.

నోటీసు వెతకడం

ప్రభుత్వం మనుషుల పేరుతోనో, నంబరుతోనో వెతికి తీసే రికార్డులు పెట్టుకుంటే, ఆ సంగతి ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటించాలి. దాన్ని సిస్టం ఆఫ్ రికార్డ్స్ నోటీస్ అంటారు, వాడుకలో సోర్న్. హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌సైడర్ థ్రెట్ నోటీసుకు డీహెచ్ఎస్ ఆల్ 038 అని నంబరుంది. రక్షణ శాఖది డిట్‌మాక్ అనే ఆ శాఖ ఇన్‌సైడర్ థ్రెట్ కేంద్రం పేరు మీద ఉంటుంది. మీ ఆఫీసు పేరు, ‘ఇన్‌సైడర్ థ్రెట్’, ‘సిస్టం ఆఫ్ రికార్డ్స్’ అన్న మాటలు కలిపి ఫెడరల్ రిజిస్టర్ సైటులో వెతికితే దొరుకుతుంది.

దొరికాక నాలుగు చోట్ల ఆగి చదవండి. ఎవరెవరి రికార్డులు అన్నచోట ఉద్యోగులతో పాటు మాజీలు, కాంట్రాక్టర్లు కూడా ఉన్నారేమో చూడండి. ఏ రకం రికార్డులు అన్నచోట నాకు నిద్ర పట్టలేదు. కీబోర్డు మీద కొట్టినవి, ప్రింటు తీసినవి, గేటు దగ్గర కార్డు గీకిన వేళలు, ప్రయాణాలు, ఆర్థిక వివరాలు, ఇలాంటివన్నీ రాస్తారు. రొటీన్ యూజ్ అన్నచోట మీ సమ్మతి లేకుండా ఆఫీసు బయట ఎవరెవరికి ఇవ్వొచ్చో ఉంటుంది. చివర్లో మినహాయింపులుంటాయి. కొత్త నోటీసో, కొత్త రొటీన్ యూజో ప్రకటించినప్పుడు జనం అభిప్రాయం చెప్పడానికి 30 రోజులు గడువిస్తారు. ఉద్యోగులు కూడా సొంత హోదాలో రాయొచ్చు. రాసేవాళ్ళు తక్కువ కాబట్టి మీరు రాస్తే చదువుతారు.

మినహాయింపుల దగ్గరే చాలామంది ఆశ వదులుకుంటారు. ఇన్‌సైడర్ థ్రెట్ సిస్టంలను సాధారణంగా ప్రైవసీ యాక్ట్‌లోని కె-1, కె-2, కె-5 అనే క్లాజుల కింద, కొన్నింటిని జె-2 కింద కూడా, చూపించక్కర్లేకుండా మినహాయించుకుంటారు. రహస్య సమాచారం, దర్యాప్తు, ఉద్యోగ యోగ్యత విచారణ అన్నవి కారణాలు. కానీ కె క్లాజుల మినహాయింపు చూపించడం, దిద్దడం లాంటి కొన్ని బాధ్యతల వరకే. ఒక మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడే రికార్డు సరిగ్గా, పూర్తిగా, న్యాయంగా ఉండాలనే ఇ-5 బాధ్యతను కె క్లాజులతో వదిలించుకునే వీలు చట్టంలో లేదు. మీకు చూపించకపోవచ్చు, తప్పుగా ఉంచుకోకూడదు. ఇది తెలిసిన రోజు నా ఉత్తరం రాసే తీరే మారిపోయింది. పైగా మినహాయింపు అనేది ఆఫీసుకున్న వెసులుబాటే తప్ప, అసలు చూపించనే కూడదన్న నిషేధం కాదు. ఒక్కో అభ్యర్థనను విడిగా పరిశీలిస్తామని చాలా నోటీసుల్లో రాసే ఉంటుంది.

ఉత్తరం

ఇక్కడ నేను చేసిన ఒక పని మీకు బాగా పనికొస్తుంది. ఇన్‌సైడర్ థ్రెట్ సిస్టం ఒక్కదాన్నే అడగలేదు. అందులోకి సమాచారం ఎక్కణ్ణుంచి వెళ్తుందో ఆ మూలాలు కూడా అడిగాను. పర్సనెల్ సెక్యూరిటీ ఫైలు (ఉద్యోగుల క్లియరెన్సు వ్యవహారాలు చూసే ఫైలు), విదేశీ ప్రయాణాల రిపోర్టులు, నా యాక్సెస్ ఇచ్చిన, ఆపిన రికార్డులు. ఒక్కొక్కదానికి వేరే సోర్న్ ఉంటుంది, దాని నంబరు ఉత్తరంలో రాశాను. కవరులో వచ్చిన 9 నలుపు పేజీలూ ఇన్‌సైడర్ థ్రెట్ సిస్టంవి. చదవగలిగిన ఆ పదకొండో పేజీ పర్సనెల్ సెక్యూరిటీ ఫైలులోది. మూలం అడగకపోయి ఉంటే నాకు నలుపు తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. ప్రైవసీ యాక్ట్ కింద, ఫోయా కింద, రెండింటి కిందా అడుగుతున్నానని మొదటి వాక్యంలోనే రాయండి. ఒకదాని కింద కుదరకపోతే రెండోదాని కింద చూస్తారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కావాలో చెప్పండి. ‘నా గురించి ఉన్నవన్నీ’ అని రాస్తే వెతికేవాళ్ళు ఎక్కడ వెతకాలో తెలియక పక్కన పెడతారు. నేను 2022 డిసెంబరు నుంచి 2023 ఆగస్టు దాకా అని రాశాను. మీరు మీరేనని నిరూపించుకోవాలి. నోటరీ దొరక్కపోయినా ఫర్వాలేదు, ఇందులో రాసింది నిజమని, అబద్ధమైతే శిక్షకు లోబడతానని, చట్టం సూచించిన మాటల్లో తేదీ వేసి సంతకం పెడితే సరిపోతుంది. ప్రైవసీ యాక్ట్ కింద వెతికినందుకు డబ్బు తీసుకోకూడదు, కాపీల ఖర్చు మాత్రమే అడగొచ్చు.

ఇంకో వాక్యం తప్పక చేర్చండి. నా రికార్డులు ఎవరెవరికి, ఏ రోజు, ఎందుకు ఇచ్చారో ఆ చిట్టా కూడా కావాలని. ఆఫీసు బయటికి ఇచ్చిన ప్రతిసారీ రాసిపెట్టి, కనీసం 5 ఏళ్ళు ఉంచాలని చట్టం. అదే ఆఫీసులోని వేరే విభాగానికి ఇచ్చిన లెక్క ఉంచాలన్న నియమం లేదు. అందుకని లోపల ఎవరికిచ్చారన్నది కూడా చెప్పమని విడిగా అడిగాను. దానికి జవాబు రాలేదు. అయినా అడగండి, అడిగినట్టు రికార్డులో ఉంటుంది.

క్లియరెన్సు కోసం మీ మీద జరిగిన బ్యాక్‌గ్రౌండ్ విచారణ ఫైలు వేరు. దాన్ని ఆ విచారణలు చేసే డీసీఎస్ఏ అనే సంస్థకు రాసి తెప్పించుకోవాలి. ఆ ఆఫీసు పెన్సిల్వేనియాలోని బోయర్స్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడ పాత సున్నపురాయి గనిలో ప్రభుత్వ కాగితాలు దాచి ఉంచుతారు. నేను మొదట దాన్నే అడిగాను, అడగడం అలవాటు కావడానికి. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

నలుపు పేజీలు

ఫోయాకి 20 పనిదినాల గడువుంది గానీ ఆ గడువు దాటడం మామూలే. ప్రైవసీ యాక్ట్ కింద ఫైలు చూపించడానికి చట్టంలో గడువు లేదు. నాకు ఏడు నెలలు పట్టింది. ముందు వచ్చే రసీదులో కేసు నంబరుంటుంది, దాన్ని పోగొట్టుకోవద్దు. నెలకోసారి ఆ నంబరుతో రెండు వాక్యాల మెయిలు, సొంత అడ్రసు నుంచి, మర్యాదగా.

నలుపు పక్కన మార్జిన్లో చిన్న కోడు ఉంటుంది. ఫోయాలో 6 అని ఉంటే వేరే మనిషి వ్యక్తిగత విషయం. 7-ఇ అంటే దర్యాప్తు పద్ధతులు. కె-2 అని ఉంటే జాగ్రత్తగా చూడండి. ఆ రికార్డు వల్ల మీకు దక్కాల్సిన హక్కో, ప్రయోజనమో పోయి ఉంటే, గోప్యంగా ఉంచుతామని మాటిచ్చిన మనిషి ఎవరో బయటపడే భాగం తప్ప మిగతాది ఇవ్వాలి. కె-5 కూడా అలాంటి మనిషిని కాపాడటం వరకే. మొత్తం పేజీ నల్లగా చేసి పక్కన కె-5 అని రాస్తే అప్పీలు చెయ్యండి. ఫోయా అప్పీలుకు కనీసం 90 రోజులుంటాయి. కొన్నిసార్లు అలాంటి రికార్డు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అని జవాబొస్తుంది. అది చూసి భయపడొద్దు. విచారణ లేనివాళ్ళకు కూడా అదే జవాబిస్తారు, లేకపోతే ఉన్నవాళ్ళెవరో తెలిసిపోతుంది కదా.

ఫైలులో మీ పూజలు, చర్చి, మసీదు, ధర్నాలు, రాజకీయ అభిప్రాయాలు, ఎవరితో కలిసి సంఘం పెట్టారు అన్నవి కనబడితే వాటి పక్కన గీత గీయండి. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ కాపాడే ఇలాంటి పనుల గురించి రికార్డు పెట్టకూడదని ఇ-7 క్లాజు. మీ సమ్మతో, వేరే చట్టం అనుమతో, అధికారం ఉన్న పోలీసు తరహా దర్యాప్తో ఉంటే తప్ప. ఈ క్లాజు నుంచి మినహాయింపు ప్రకటించుకునే వీలు ఏ సంస్థకూ లేదు.

దిద్దించడం

దిద్దమని అడిగేది వేరే ఉత్తరం. ఏ పేజీలో, ఏ వరుస, ఏం తప్పు, ఏం ఉండాలి, రుజువేంటి, అంతే. జరిగిన విషయాన్ని దిద్దుతారు గానీ ఎవరైనా రాసిన అభిప్రాయాన్ని సాధారణంగా దిద్దరు. ‘అనుమానాస్పదంగా ఉంది’ అన్న మాటతో పోట్లాడితే లాభం లేదు. ఆ అనుమానం ఏ విషయం మీద నిలబడిందో దాన్ని దిద్దించండి.

నేను పెట్టిన రుజువులు నాలుగు. 1:14కి సూపర్‌వైజరు నంబరుకు 6 నిమిషాలు మాట్లాడినట్టు ఫోను బిల్లు. వేరే విభాగానికి వెళ్ళిన ఆ సూపర్‌వైజరు రాసిచ్చిన మూడు వాక్యాలు. తిరిగొచ్చాక నింపిన ఫారం రసీదు నంబరు, అది నేను ఇంట్లో నోటుపుస్తకంలో రాసుకున్నాను. బోర్డింగ్ పాసు. నాన్నగారి ఆసుపత్రి కాగితాలు పెట్టబోయి ఆగిపోయాను. మా ఆయనే ఆపారు, “అవి ఆ ఫైలులోకి వెళ్తే ఇక అక్కడే ఉండిపోతాయి కదా” అని. ఆయన చెప్పింది నిజం. 2015లో ప్రభుత్వ సిబ్బంది శాఖ నుంచి 2 కోట్ల 15 లక్షల మంది విచారణ వివరాలు హ్యాకర్లకు చిక్కాయి, 56 లక్షల మంది వేలిముద్రలతో సహా. అడగని కాగితం ఇవ్వొద్దు.

దిద్దమన్న ఉత్తరం అందినట్టు 10 పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. కుదరదంటే పై అధికారి సమీక్ష అడగొచ్చు, దానికి 30 పనిదినాలు. అప్పటికీ ఒప్పుకోకపోతే మీ అభ్యంతరం ఒక ప్రకటనగా రాసిస్తే, ఆ రికార్డుతో పాటు దాన్నీ ఉంచి, ఇకముందు ఎవరికిచ్చినా జతచేసి ఇవ్వాలి. కోర్టుకు వెళ్ళడానికి రెండేళ్ళ గడువు. నష్టపరిహారం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక పైలట్ ఆరోగ్య వివరాలను రెండు ప్రభుత్వ శాఖలు పంచుకున్న కేసులో, 2012లో సుప్రీంకోర్టు, మనోవేదనకు ఈ చట్టం కింద పరిహారం రాదని, డబ్బు రూపంలో నష్టం చూపించాలని తేల్చింది. ఎఫ్ఏఏ (విమానయాన సంస్థ) వర్సెస్ కూపర్ అంటారు. ఆ తీర్పు చదివి నాకు చాలా బాధేసింది. తప్పు రికార్డు చేసే గాయం ఎక్కువగా మనసుకే కదా.

దిద్దిన తర్వాత ఇంకో అడుగు ఉంది, అందరూ మర్చిపోయేది. ముందు ఎవరికి ఇచ్చినట్టు లెక్కలో ఉందో వాళ్ళకు ఈ దిద్దుబాటు తెలియజేయాలని సి-4 క్లాజు. మూలం దగ్గర దిద్దుకుని, దాని కాపీ ఉన్న చోట పాతదే మిగిలిపోతే ఏం లాభం. డేటాబేసుల్లో మేం రోజూ చూసే తలనొప్పే ఇది. అందుకని నా ఉత్తరం చివర్లో, ఇన్‌సైడర్ థ్రెట్ విభాగం దగ్గరున్న కాపీ కూడా దిద్దినట్టు రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. 2024 జులైలో రెండు వాక్యాల జవాబు వచ్చింది. ప్రయాణం ‘నియమం ప్రకారం తెలియజేశారు’ అని మార్చాం, సంబంధిత విభాగానికి తెలిపాం అని. ఆ కాగితం పట్టుకుని వంటగదిలో నిలబడి ఏడ్చాను.

చేయకూడనివి

మీ ఫైలును మీరే వెతికి చూసుకోకండి. పర్సనెల్ సెక్యూరిటీ డేటా ఉన్న డేటాబేసుల్లో ఒకటి మా టీం చేతిలోనే ఉంది. నా పేరుతో ఒక్క క్వెరీ కొడితే పది సెకన్లలో తెలిసిపోయేది. ఒక శుక్రవారం సాయంత్రం స్క్రీను ముందు ఆ ఆలోచనతో కాసేపు కూర్చున్నాను కూడా. ఆ క్వెరీ, ఎవరేం చూశారో సిస్టం రాసుకునే చిట్టాలో పడుతుంది, అధికారం లేకుండా చూసినట్టవుతుంది, అబద్ధపు అనుమానం కాస్తా నిజం చేసుకున్నట్టవుతుంది. కంప్యూటర్ లాక్ చేసి ఇంటికి వెళ్ళిపోయాను.

రుజువు కోసమని ఆఫీసు మెయిళ్ళు జీమెయిల్‌కు పంపుకోవద్దు, స్క్రీను ఫోటోలు తీయొద్దు. ఆఫీసు కాగితం రుజువుగా కావాలంటే దాని తేదీ, శీర్షిక మాత్రం గుర్తుపెట్టుకుని, ఉత్తరంలో ఆ కాగితం పేరు రాసి తీయించమని అడగండి. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పాను, రసీదు నంబరెంత అని నాలుగు మాటలు. రహస్యమైనదేదీ అందులో రాయకూడదు. కాకినాడలో ఇల్లు, అమ్మానాన్నలకు పంపే డబ్బు, తమ్ముడి పేరు మీద ఉన్న పొలంలో వాటా, ఇలాంటివి ఏ తేదీన ఏ ఫారంలో చెప్పారో కూడా రాసి ఉంచుకోండి. మన ఇళ్ళల్లో ఇవన్నీ మామూలే, చెప్పినంత మాత్రాన తప్పేమీ కాదు. చెప్పలేదని ఫైలులో పడితేనే కష్టం.

ఆఫీసులో జరిగే తప్పు గురించి శాఖల్లో తప్పులను విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్‌కో, అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కో, లాయరుకో రాస్తుంటే ఆఫీసు కంప్యూటర్ వాడకండి. ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో వైద్య పరికరాల పరిశీలన మీద ఫిర్యాదు చేసిన శాస్త్రవేత్తల కంప్యూటర్లను గమనించారని, వాళ్ళు కాంగ్రెస్ సిబ్బందికి, లాయర్లకు రాసినవి కూడా సేకరించారని 2012లో బయటపడింది. ఆ ఏడాది జూన్‌లోనే, ఫెడరల్ ఉద్యోగుల ఫిర్యాదులు చూసే ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సెల్ అన్ని శాఖలకూ ఇలాంటి నిఘా ఫిర్యాదుదారుల హక్కులను దెబ్బతీయకుండా చూసుకోమని రాసింది. హక్కు ఉంది. అయినా సొంత ఫోను, సొంత ఇంటర్నెట్ వాడటం మేలు.

అభ్యంతర ప్రకటన రాయడం

ప్రయాణం వరుస దిద్దారు గానీ, 41 ఫైళ్ళ వరుస తీసేయమంటే ఒప్పుకోలేదు. అది నిజంగానే జరిగింది కదా అన్నారు. సమీక్షలోనూ అదే జవాబు. కాబట్టి ఒక పేజీ ప్రకటన రాసిచ్చాను. నేషనల్ ఆర్కైవ్స్ షెడ్యూలు ప్రకారం ఇన్‌సైడర్ థ్రెట్ విచారణ ఫైలును విచారణ ముగిశాక 25 ఏళ్ళు ఉంచుతారు, అవసరమనుకుంటే ఇంకా ఎక్కువ. నాది 2023లో ముగిసింది కాబట్టి 2048 దాకా ఉంటుంది. అప్పుడు దాన్ని తెరిచే మనిషికి నేనెవరో తెలియదు, మా సూపర్‌వైజరు ఎవరో తెలియదు, టీం ఫోల్డర్ అంటే ఏదో తెలియదు. ఆ మనిషికి అర్థమయ్యేలా రాయాలి. మొదటి ప్రతిలో అవమానం, వివక్ష, నమ్మకద్రోహం అన్న మాటలు చాలా రాశాను. అవన్నీ నిజంగా అనిపించినవే. తర్వాత ఒక్కొక్కటే కొట్టేసి తేదీలు, వేళలు, అంకెలు మాత్రం ఉంచాను. చివరి మూడు వాక్యాలు ఇవి:

“ఆ రాత్రి కాపీ చేసిన 41 ఫైళ్ళూ ప్రభుత్వ నెట్‌వర్కులోని మా టీం ఫోల్డర్‌లోకే వెళ్ళాయి, ఈరోజుకీ అక్కడే ఉన్నాయి. మా నాన్నగారు కాకినాడలో ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి నేను మర్నాడు బయల్దేరాను. నేను లేని 12 రోజుల్లో ఒక్క బ్యాకప్ కూడా ఆగలేదు.”